అందరి కమానులూ ఒకవైపు

తిరుపతి, మంగళవారం

నాయనా, ఫోన్లో నా మాట నీకు వినపడదని కార్డు రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, కాలే ఒకచోట నిలవడం లేదు.

మా పన్నెండు వయొలిన్ల ఆర్కెస్ట్రాకు ఈ ఏడాది కచేరీలు వచ్చే నెల ఆరున ఇక్కడే మొదలు. నిన్న సాధనలో అందరి కమానులూ పైకి పోతే నాదొక్కటే కిందికి దిగింది. చర్చిలో నువ్వు నేర్పినట్టు కళ్లు మూసుకుని వాయించాను మరి! "కండ్లు మూసుకుంటే ఎట్లమ్మా? పక్కనోళ్ల చెయ్యి సూడాల," అని మా ఆర్కెస్ట్రా నడిపే మునికుమార్ సారు అరిచినాడు. మళ్లీ తప్పితే నా కుర్చీ ఇంకొకరికట.

బర్రె ఈనిందా? అమ్మ మోకాలికి నూనె రాస్తున్నారా? ప్రార్థనలో నన్ను తలచుకోండి.

కచేరీకి రా, ముందు వరుసలో కూర్చో. పాట వినపడకపోయినా కమానులు కనిపిస్తాయి. నాది తప్పితే చెయ్యెత్తు. ఈసారి కళ్లు తెరిచే ఉంటాను.

నీ జెస్సీ