చెరువు అలవాటు

శామీర్‌పేట,
బుధవారం.

శైలజకు,

పరమేశ్ రాసేది. ఇక్కడ నేను, అమ్మ, సృజన ముగ్గురం బాగున్నాం. నువ్వూ, కడుపులో బిడ్డా, మీ ఇంట్లో అందరూ బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. మీ తమ్ముడు బాలరాజు సోమవారం కూరగాయల బండితో మేడ్చల్ వచ్చి, అక్కడి నుంచి మన ఇంటిదాకా వచ్చి ఇచ్చిపోయాడు. చేతిలో ఫోన్ పెట్టుకొని ఈ ఉత్తరాలేంటని అమ్మ నవ్వింది. కానీ నువ్వు రాసింది నిజమే. నర్సాపూర్‌లో మీ ఇంట్లో ఫోన్ మోగితే నీ దాకా వచ్చేలోపు నలుగురు మాట్లాడతారు, నీ చేతికి వచ్చాక స్పీకర్ పెడతారు. నేనిప్పుడు చెప్పబోయేది స్పీకర్‌లో చెప్పేది కాదు.

ముందు నువ్వు అడిగినవి. సృజన రోజూ బడికి పోతోంది. జడలు అమ్మ వేస్తోంది. "అమ్మ ఏసినట్టు లేవు" అని రోజూ అంటుంది గానీ వేయించుకుంటుంది. అమ్మ మోకాలి వాపు తగ్గింది. వంటింటి రేకుల్లో వాన కారే చోట తారు పూశాను, రెండు వానలు పడ్డా చుక్క రాలేదు. నీ స్కానింగ్ కాగితాలు బీరువాలో చీరల కింద దొరికాయి, ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. వాంతి వస్తోందని ఐరన్ గోలీలు మానేశావట. అట్లా చేయకు. అన్నం తిన్నాక వేసుకో.

ఇక మిగిలినవి రెండు. పోయిన ఆదివారం వస్తానని ఎందుకు రాలేదని అడిగావు. ఫోన్‌లో నా గొంతు ఎందుకట్లా ఉందని అడిగావు. నాకు శాలువా కప్పిన ఫోటో మీ ఊరి గ్రూపుల్లో తిరిగిందని, మీ నాన్న దాన్ని పటం కట్టించి ముందు గదిలో పెట్టాడని, వచ్చినవాళ్ళందరికీ "మా అల్లుడు ఒక పిల్లగాన్ని బతికిచ్చిండు" అని చెప్తున్నాడని కూడా రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు శైలూ. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను. నీకు తెలిసినవి కూడా రాస్తే ఏమీ అనుకోకు.

మా నాయిన వెంట చెరువులో వల వేయడం మొదలుపెట్టినప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఆ ఏడే పోలీసులు మొదటిసారి మన ఇంటికి వచ్చారు, ఎవరో మునిగారని. నాయినతో నేనూ దిగాను. ఆయన పోయాక ఆ పని నాదైంది. పట్నం నుంచి సరదాకు వచ్చిన పిల్లలు, చీటీ రాసిపెట్టి దూకినవాళ్ళు, బట్టలు ఉతకడానికి వచ్చి జారినవాళ్ళు. పదకొండేళ్ళలో ఎంతమందిని పైకి తెచ్చానో నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. పోయిన ఏడు ఒక ఇంజనీరింగ్ పిల్లవాడిని తీసిన రోజు, ఇంటికి వచ్చి రెండుసార్లు స్నానం చేసి, సృజనకు అన్నం కలపడానికి కూర్చున్నాను. పళ్ళెం కొంచెం నీ వైపు జరుపుకొని నువ్వే కలిపావు. ఆ రోజే ఈ పని మానేయాలనుకున్నాను.

అందుకే తూంకుంట గేటెడ్ కాలనీ మేనేజరు ఫణిభూషణ్ సారు చేపల కోసం చెరువుకు వచ్చి, నేను ఈదడం చూసి, "మా స్విమ్మింగ్ పూల్ కాడ ఉంటవా?" అని అడిగితే రెండో మాట లేకుండా ఒప్పుకున్నాను. వారం రోజులు రబ్బరు బొమ్మ మీద ఛాతీ నొక్కడం, నోట్లో ఊదడం నేర్పించారు. మెడలో విజిల్ వేసుకొని ఇంటికి వచ్చిన రోజు నువ్వు ఎంత సంబరపడ్డావో నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళకు కొత్త పని నేర్చుకోవడం కష్టమే. వలలూ శవాలూ తప్ప ఏమీ పట్టని చేతులతో పిల్లల చేతులు పట్టుకోవడానికి మొదట్లో భయపడ్డాను. ఏడు నెలలు బాగానే గడిచాయి.

ఈ నెల మొదటి ఆదివారం పొద్దున పదిన్నరకు పూల్‌లో పద్నాలుగు మంది పిల్లలున్నారు. తక్కువ లోతు వైపు నలుగురికి కాళ్ళు ఆడించడం నేర్పి, గట్టెక్కి నిలబడ్డాను. భాను అనే ఆరేళ్ళ బాబు బంతి కోసం లోతు వైపు పోయాడు. వాళ్ళ నాన్న గొడుగు కింద కుర్చీలోనే ఉన్నాడు. మునిగేవాళ్ళు చేతులు కొట్టుకుంటూ అరుస్తారని అందరూ అనుకుంటారు. చాలాసార్లు చప్పుడే ఉండదు. నేను తల తిప్పేసరికి నీళ్ళ కింద ఎర్ర నిక్కరు కనిపించింది. బాబు బోర్లా ఉన్నాడు.

చూసిన వెంటనే దూకాననే నేను అనుకున్నాను. ఒట్టేసి చెప్తున్నాను శైలూ, నాకు గుర్తున్నది అదే. పైకి తెచ్చి పడుకోబెడితే ఊపిరి లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. నోట్లో ఊదాను, ఛాతీ నొక్కాను, మళ్ళీ ఊదాను. వాళ్ళ నాన్న నా భుజం పట్టుకొని ఊపుతున్నాడు. ఎవరో ఆయన్ని లాగేశారు. ఎన్నోసారో తెలియదు, వాడి కడుపు కదిలింది, నీళ్ళు కక్కి ఏడ్చాడు. పేట్ బషీరాబాద్ వైపు ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. కళ్ళు తెరిచి మాట్లాడాడని సాయంత్రం కబురు రాగానే కాలనీవాళ్ళు గేటు దగ్గర నాకు శాలువా కప్పారు. మీరు చూసిన ఫోటో అదే.

తెల్లారి సోమవారం ఫణిభూషణ్ సారు నన్ను కెమెరాల గదికి పిలిచి, తలుపు వేసి, వీడియో పెట్టాడు.

అందులో నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. తల తిరిగింది. బాబును చూశానని అక్కడే తెలుస్తోంది. ఆ తర్వాత ఆ మనిషి పరిగెత్తలేదు. నింపాదిగా చేతి గడియారం విప్పాడు. చెప్పులు విడిచి, గడియారం ఒక చెప్పులో పెట్టాడు. గోడకున్న తాడు తెచ్చి నడుముకు కట్టుకున్నాడు. వంగి నీళ్ళు తాకి కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు దిగాడు. దూకలేదు, మెల్లగా దిగాడు. తెర మూలన అంకెలు తిరుగుతున్నాయి. ముప్పై ఒక్క సెకన్లు.

అది నేనేనని నమ్మడానికి మళ్ళీ పెట్టమన్నాను. చెరువులో శవం కోసం దిగే ముందు పదకొండేళ్ళూ నేను చేసింది అచ్చం అదే. మా నాయిన మొదటి రోజే చెప్పాడు. "ఉరుకులాడకు బిడ్డా. పోయినాయన ఏడికి పోడు. నువ్వు పైలం." నీళ్ళ కింద బోర్లా ఉన్న ఒంటిని నా కళ్ళు పసివాడిగా చూడలేదు శైలూ. నా ఒళ్ళు వాడిని అప్పటికే చచ్చినవాళ్ళలో లెక్కేసింది. నన్ను అడగకుండానే లెక్కేసింది.

ఫణిభూషణ్ సారు వీడియో ఆపాడు. "పిలగాడు బతికిండు గద. ఇగ దీన్ని ఎవ్వరికి చూపిచ్చేది లేదు. నువ్వు నోరు తెరవకు, నేను తెరవ. నీకు ఇంకో బిడ్డ వస్తాంది, గది యాదికుంచుకో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నేను తల ఊపి బయటికి వచ్చాను. తల ఊపానని నీకు దాచకుండా చెప్తున్నాను.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి పోయాను. బాబును చూసి వద్దామనే పోయాను. వరండాలో భాను వాళ్ళ నాన్న నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"ఎంతసేపు నీళ్ళల్ల ఉన్నడని డాక్టర్ అడిగిండు. పది సెకన్లని చెప్పిన," అన్నాడు. "ఎవలన్న అడిగితె నువ్వు గూడ గదే చెప్పు."

"పది కాదు సార్," అన్నాను.

"నాకు ఎర్కే. నేను ఫోన్ చూసుకుంట కూసున్న, పరమేశ్. నువ్వు ఒడ్డుకు తెచ్చినంకనే తలకాయ ఎత్తిన. గది మా ఇంట్ల తెలిస్తె నా బతుకు అయిపోతది." ఆయన గది తలుపు వైపు చూశాడు.

నేను జవాబు చెప్పేలోపు బాబు తల్లి శోభారాణి మేడం గదిలోంచి వచ్చింది. నన్ను చూసి రెండు చేతులెత్తి దండం పెట్టింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. "బాబును రేపు పొద్దుగాల ఇంటికి పంపుతమంటున్నరు. కానీ డాక్టర్ మళ్ల అడుగుతున్నడు, సరిగ్గ ఎంతసేపు మునిగి ఉన్నడో చెప్పమని. నువ్వే గద తీసింది. నువ్వు చెప్పు," అంది.

భర్త ఆమె వెనకాల నిలబడి నావైపే చూస్తున్నాడు. నువ్వు గుర్తొచ్చావు. నెలాఖరు, నీ కాన్పు, ఏడు నెలల పని, విజిల్, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"నేను చూసినంక దిగటానికే ముప్పై ఒక్క సెకన్లయింది మేడం," అన్నాను. "నేను చూడకముందు ఎంతసేపయిందో తెల్వది. పైకి తెచ్చేటాలకు నిమిషం దాటింది. జల్దీ దూకవలసింది. దూకలే."

ఆమె దండం పెట్టిన చేతులు అట్లాగే ఆగిపోయాయి. "ఎందుకు దూకలే?" అంది మెల్లగా. చెరువు సంగతి చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. మధ్యలోనే వెనక్కి తిరిగి డాక్టరు దగ్గరికి పోయింది. ఇంటికి పంపడం ఆపేశారు. ఆ మరుసటి రోజే బాబుకు గట్టి జ్వరం వచ్చింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆసుపత్రిలోనే ఉన్నాడు కాబట్టి వెంటనే మందు పడింది. ఆరో రోజు ఇంటికి వచ్చాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ జ్వరం తెలిసిన రోజు నేను అమ్మకు కనబడకుండా ఇంటి వెనక కూర్చొని ఏడ్చాను.

నేను చెప్పేసిన సంగతి తెలిసి ఫణిభూషణ్ సారు నన్ను పూల్ దగ్గరికి రావద్దన్నాడు. తోటపనిలో పెట్టాడు, జీతం సగం. పోయిన ఆదివారం కాలనీ కమిటీ కూర్చుంది. నీ దగ్గరికి రాకపోవడానికి కారణం అదే. తెర మీద ఆ వీడియో అందరికీ చూపించారు. నేను గడియారం విప్పుతుంటే వెనక ఎవరో "అయ్యో" అన్నారు. తీసేయాలని కొందరు, ఉంచాలని కొందరు. భాను వాళ్ళ నాన్న లేచి, తన ఫోన్ సంగతి తనే చెప్పి కూర్చున్నాడు. ఆఖరికి శోభారాణి మేడం మాట్లాడింది. వారం శిక్షణతో ఒక్క మనిషిని పద్నాలుగు మంది పిల్లల మీద పెట్టింది కమిటీనే కదా అని అడిగింది. నెల రోజులు పూల్ మూయాలని, ఇద్దరిని పెట్టాలని, ఇద్దరికీ పూర్తి శిక్షణ ఇప్పించాలని పట్టుబట్టింది. అట్లాగే రాసుకున్నారు. ఆ ఇద్దరిలో నేనూ ఉన్నాను.

బయటికి పోతున్న ఆమెకు దండం పెట్టబోయాను. ఆగి నావైపు చూసింది. "నిన్ను క్షమించిన అనుకోకు. నువ్వు ఉన్నా లేకున్నా నా కొడుకును నేను ఇంక నీళ్ళల్ల దింప," అని వెళ్ళిపోయింది. ఆమె మాటలో తప్పేమీ లేదు.

ఉద్యోగం మిగిలింది. కానీ నా ఒళ్ళు మళ్ళీ అదే చేస్తే ఎట్లా అన్న భయం ఆ వీడియో చూసినప్పటి నుంచీ ఉంది. అందుకే కమిటీ కూర్చోకముందే, తోటపని చేసే జలాల్ భాయ్‌ని ఒక సాయం అడిగాను. ఆయనది మన ఊరే. ఊక నింపిన గోనెసంచిని పొద్దున పూట ఎప్పుడో ఒకప్పుడు, నాకు చెప్పకుండా, గట్టు మీద నుంచి చెరువులో విసరమన్నాను. ఏ పనిలో ఉన్నా చప్పుడు వినగానే దూకాలి. మొదటి రోజు నా చెయ్యి గడియారం మీదికి పోయింది. జలాల్ భాయ్ "అరే, ఘడీ ఛోడ్!" అని అరిచాడు. రెండో రోజూ అంతే. నాలుగో రోజు గడియారం మీదికి పోలేదు గానీ వంగి నీళ్ళు తాకాను. ఈ రోజు పొద్దున నేను గట్టున కూర్చొని అమ్మ కట్టిన రొట్టె తింటున్నాను. నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత తెలిసింది, నేను సంచి పట్టుకొని నీళ్ళలో ఉన్నాను, నోట్లో రొట్టె ఇంకా నమల్తున్నాను. జలాల్ భాయ్ గట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. "బస్ పరమేశ్ భాయ్," అన్నాడు. "ఇగ రేపు గూడ ఏస్త. ఎల్లుండి గూడ ఏస్త. నువ్వు మాత్రం గిట్లనే ఉండు."

ఇదీ జరిగింది. మీ నాన్నకు, అమ్మకు నువ్వు చెప్పకు, ఆ భారం నీకొద్దు. శనివారం నేనే వచ్చి, వాళ్ళ ముందు కూర్చొని చెప్తాను. ఆ పటం వాళ్ళు ఉంచుకుంటారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం. నా మీద నీకు కోపం వస్తే అది కూడా ఎదురుగానే చెప్పు, ఉత్తరంలో రాయకు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. శనివారం లోపు నొప్పులు మొదలైతే, ఇంకా టైముందిలే, పనిలో ఉంటాడులే అని ఆగకు. ఎవరు వింటున్నా సరే ఫోన్ చెయ్యి. బండిలో పెట్రోలు నింపి పెట్టాను. చేతులకు మట్టి ఉంటే మట్టితోనే, తడి బట్టలుంటే వాటితోనే బయలుదేరతాను.

ఇట్లు,
సృజనకూ, రానున్న బిడ్డకూ నాయిన,
పరమేశ్