మూడో అంతస్తులో ఆగిన మెయిల్

లాడ్జి మేనేజరుగారికి, 302 నుంచి నమస్కారం.

నేను వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరుని. పొద్దున మీ ఊరి వంతెన కింద చీలమండ బెణికింది. లిఫ్టు పనిచేయదు, ఇంటర్‌కమ్ మూగపోయింది, నా ఫోనుకి సిగ్నలు లేదు. అందుకే గదులు ఊడ్చే ఆయమ్మ చేత ఈ చీటీ పంపుతున్నాను. మీ వైఫైలో సినిమాలు ఆడుతున్నాయి గానీ మెయిల్ వెళ్ళడం లేదు. 'సర్వర్ స్పందించడం లేదు' అంటోంది. దయచేసి చూడండి.

ఇట్లు, ఒంటికాలి మీద ఉన్న
ఇంజనీరు

ఇంజనీరమ్మగారికి,

క్షమించాలి. సర్వర్‌ని పిలిచి గట్టిగా చీవాట్లు పెట్టాను. కాఫీ పంపుతున్నాను.

మీ సేవలో, మేనేజరు

తా.క.: మీ గది వైపే రాలేదని ఒట్టేస్తున్నాడు. నేను నమ్మలేదు.

మేనేజరుగారూ,

కాఫీ బాగుంది. పాపం, అతన్నేమీ అనకండి. నేనన్నది మెయిల్ నడిపే కంప్యూటరు. వైఫై తీసి మళ్ళీ పెట్టాను. లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. బ్రౌజరులోంచి ప్రయత్నించాను. సెట్టింగుల్లో మెయిల్ వెళ్ళే పోర్టు కూడా మార్చాను. మీ దగ్గర అన్ని పోర్టులూ మూసేశారు. తెరిపించండి.

ఓపికతో, 302

అమ్మా,

పోర్టు ఇక్కడికి ఒక రోజు ప్రయాణం. మూసేశారని పేపర్లో కూడా రాలేదు. అయినా వంతెనలు చూసేవారికి ఓడలతో పనేమిటి?

విధేయుడు, మేనేజరు

తా.క.: సర్వర్ అలిగి వెళ్ళిపోయాడు. ఈ పూట కాఫీ నేనే కాచాను. మన్నించాలి.

మేనేజరుగారూ,

ఓపిక అయిపోయింది. ఆ వంతెన మూడో స్తంభం పగిలింది. నా చెయ్యి పడుతుంది ఆ పగులులో. సాయంత్రం బడి బస్సులు దాని మీదుగానే వెళ్తాయి. ఆయమ్మ మీ కౌంటరు ఫోనులో మా ఆఫీసుకి చెప్పింది. ఫొటోలతో మెయిల్ వస్తే తప్ప వంతెన మూయలేమన్నారట. మీ వైఫైలో మెయిళ్ళను ఎవరో కావాలని ఆపారు. ఎవరు?

302

అమ్మా,

నేనే.

మా ఓనరుగారు గంటకో మెయిల్ పెడతారు. కర్టెన్లు ఉతికించారా? దిండ్లు ఎండలో వేయించారా? అన్నం ముందు కూర్చున్నా అదే. నా వల్ల కాక నెల కిందట వైఫై అతనితో, 'నాయనా, ఈ మెయిళ్ళు రాకుండా చెయ్యి' అన్నాను. నావొక్కటే ఆగుతాయనుకున్నాను. మీ చీటీ చదవగానే పరుగెత్తాను. అతన్ని లాక్కొచ్చి అన్నీ తెరిపించాను. మీ ఫొటోలు వెళ్ళాయనీ, వంతెనకి అడ్డంగా డ్రమ్ములు పెట్టారనీ ఇప్పుడే ఆయమ్మ చెప్పింది. కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను.

నా మెయిళ్ళు కూడా ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అన్నిటికంటే పాతది: 'మీరు బాగా అలసిపోయారు. రేపటి నుంచి నెల రోజులు సెలవు తీసుకోండి. నేను చూసుకుంటాను.'

తలవంచి,
మేనేజరు

తా.క.: అన్నిటికంటే కొత్తది: 'సెలవు నుంచి వచ్చారుగా, విశ్రాంతి దొరికిందా?'