కౌబాయ్ కథలో అక్క

హరీశూ, సిద్ధులగుట్ట దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

టీవీకి కార్టూన్ కథలు రాయడం మానేసి, మళ్లీ కౌబాయ్ నవలలు మొదలుపెడతానన్నావు. సంతోషమే. కానీ నీ ప్రతి నవలలోనూ హీరో అక్క మొదటి అధ్యాయంలోనే తుపాకీ దెబ్బకు చచ్చిపోతుంది. బీడీలు చుట్టేవాళ్లకు నేను చదివి వినిపిస్తే నీలవ్వ, "నీ తమ్మునికి నీ మీద గింత కోపమెందుకే?" అని నవ్వేది.

కార్టూన్‌లో నీ గాడిదక్క నయం. గుట్ట మీది నుంచి పడ్డా దుమ్ము దులుపుకొని లేస్తుంది.

సోమవారం నిజామాబాద్ దవాఖానలో నాకు గుండె ఆపరేషన్. ఫికర్ చేయకు, భారం దేవుడి మీద వేశాను. నేను లేచి కూర్చునేదాకా మాత్రం నవల మొదలుపెట్టకు. తర్వాత రాసుకో. ఈసారి అక్కను రెండో అధ్యాయం దాకానైనా బతకనియ్యి.

నీ పెద్దక్క