పై కీస్ పలకడం లేదు

పటమట, విజయవాడ
డిసెంబరు

ప్రియమైన దుర్గా,

ఫోన్లో నీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. మీ అవనిగడ్డలో టవరు సరిగ్గా లేనట్టుంది. అడిగిందే అడిగి నీకు విసుగు తెప్పించాను, అందుకే రాస్తున్నాను. మెసేజీ పెట్టొచ్చుగా అంటావు. ఇది మెసేజీలో ఇమిడేది కాదే.

నా కంట్రోలర్ కీబోర్డు పాడైంది. మనిద్దరం ఆరోన్ గారి ఆర్కెస్ట్రాలో చేసిన రోజుల్లో కొన్నదే. నువ్వు పాడేదానివి, నేను వాయించేదాన్ని. లాప్‌టాప్‌కి తగిలిస్తే తప్ప పలకదని దాన్ని మూగమొద్దు అని ఏడిపించేదానివి. ఇప్పుడు తగిలించినా పై కీస్ పలకడం లేదు. నొక్కితే టక్కుమని చప్పుడు, అంతే. మొన్న కంకిపాడు రిసెప్షన్‌లో చిరుగంటల్లా మోగాల్సిన బిట్ మొత్తం పోయింది. గాభరాపడి సౌండ్ పెంచాను. పక్కన పాడుతున్న భానుశ్రీ చెవులు మూసుకుంది. ఆరోన్ గారు స్టేజీ మీదే నావైపు కొరకొరా చూశారు.

పైగా దాని బరువు. ఆటోలోంచి దించి స్టేజీ ఎక్కించేసరికి నడుం పడిపోతోంది. "తేలికపాటి స్టేజ్ కీబోర్డు కొనుక్కోమ్మా, సౌండ్లు అందులోనే ఉంటాయి, లాప్‌టాప్ గొడవ ఉండదు" అంటున్నారు ఆరోన్ గారు. పాతది బాగుచేయించనా, కొత్తది కొననా? ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి మా గ్రూపు ప్రోగ్రాం ఉంది. అదీ చెడిందంటే ఇక నన్ను పిలవరు. మా ఆయన పోయాక నేనూ మా అమ్మాయి కీర్తనా బతుకుతున్నది ఈ వాయింపు మీదే కదా.

ఏదో ఒకటి తేల్చి చెప్పవే.

నీ హన్నా


అవనిగడ్డ

ప్రియమైన హన్నా,

కొత్తది వద్దు. ముందు పాతది బాగుచేయించు. నీ వేళ్ళకి ఆ బరువైన కీస్ అలవాటు. మా మ్యూజిక్ క్లాసులో పిల్లలకి ఒక తేలిక కీబోర్డు ఉంది, నొక్కితే స్పాంజి మీద నొక్కినట్టుంటుంది. దాని మీద నీ చెయ్యి నిలవదు. ఈ ఉప్పుగాలికి మాకూ కీస్ కింద రబ్బర్లు పాడవుతూనే ఉంటాయి, తుడిస్తే పలుకుతాయి. నీదీ అంతే అయ్యుంటుంది.

బరువంటావా, గ్రూపులో మగాళ్ళు లేరా? ఒక చెయ్యి వెయ్యమని అడగడానికి నామోషీ ఎందుకే?

అన్నట్టు, ఇక్కడ టవరు బాగానే ఉంది. మిగతావాళ్ళందరితో హాయిగా మాట్లాడుతున్నాను. నీ ఫోన్ ఓసారి చూపించుకో.

కీర్తనకి ముద్దులు.

నీ శ్రీదుర్గ


పటమట
జనవరి

దుర్గా,

ఏమీ తోచడం లేదు.

రిపేరతను దాన్ని విప్పి, తుడిచి, బిగించి, "అన్నీ పలుకుతున్నాయండీ" అన్నాడు. నా ఎదురుగానే పై కీస్ నొక్కి చూపించాడు. "ఏదయ్యా, స్వరమేది?" అంటే నా మొహంలోకి చూశాడు. ఆడమనిషినని మోసం చేస్తున్నాడనుకుని నానా మాటలూ అని, ఆ బరువు మోసుకుంటూ వచ్చేశాను.

నిన్న బీసెంట్ రోడ్డుకి వెళ్ళి స్టేజ్ కీబోర్డు చూశాను. ఒంటిచేత్తో ఎత్తగలిగానే! ఎంత సంతోషమేసిందో. కానీ వాయిస్తే ఇందులోనూ పై కీస్ పలకలేదు. పెట్టెలోంచి అప్పుడే తీసిన సరికొత్తది. "కొత్తదాంట్లోనూ ఇదేనా?" అని అడిగాను. కొట్లో అమ్మాయి ఏదో చెప్పింది గానీ ఆ రద్దీలో అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంటే నవ్వింది.

కంట్రోలర్ ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది. ప్రార్థన చేద్దామన్నా మాట రావడం లేదు. ఒక్కోసారి ఇంకో ఆలోచన వస్తోంది. అది మాత్రం రాయను.

ఒక్కసారి రావే. నీ చేత్తో వాయించి చూసి చెప్పు. నువ్వు ఏదంటే అదే.

హన్నా


అవనిగడ్డ

నా బంగారు హన్నా,

నిన్న మీ ఇంట్లో రోజంతా ఉండి కూడా ఎదురుగా చెప్పలేకపోయాను. చెప్పాలంటే అరిచి చెప్పాలి. ఇలాంటి మాట అరిచి ఎలా చెప్పనే?

నువ్వు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఆ పై కీస్ అన్నీ ఒక్కొక్కటే నొక్కాను. అన్నీ పలికాయి. చక్కగా, సన్నగా, ఎప్పటిలాగే. కీర్తన నా పక్కనే ఉంది, తనూ వింది. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి నిన్ను పిలిచాను. మళ్ళీ పిలిచాను. నువ్వు తిరగలేదు. కీర్తన నా చెయ్యి పట్టుకుని, "అమ్మ ఎప్పట్నించో ఇంతే ఆంటీ, చెబితే కోప్పడుతుంది" అంది.

పాడైంది కంట్రోలర్ కాదు హన్నా. నీ ఫోనూ కాదు. ఆలస్యం చెయ్యకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నన్ను తిట్టుకో. మాట్లాడటం మాత్రం మానకు.

నీ దుర్గ


పటమట
ఫిబ్రవరి

దుర్గా,

నీ ఉత్తరం చదివి చించేశాను. అంత కోపం వచ్చింది. మర్నాడు కీర్తన పట్టుబట్టి తీసుకెళ్ళింది.

చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టారు. శబ్దం వినబడగానే బటన్ నొక్కమన్నారు. మొదట్లో నొక్కాను. తర్వాత వేలు బటన్ మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాను, ఎదురుచూస్తున్నాను. మిషను ఆగిపోయిందేమో అనుకున్నాను. తలెత్తితే అద్దం అవతల కీర్తన ఏడుస్తోంది. మిషను నడుస్తూనే ఉంది.

స్టేజీల మీద ఇన్నేళ్ళూ స్పీకర్ల పక్కన కూర్చున్నందుకట. పోయింది రాదట. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నారు డాక్టరు గారు. చెవులకి మిషన్లు పెట్టుకుంటే మాటలు కాస్త తెలుస్తాయట, సంగీతం సంగతి హామీ ఇవ్వలేదు.

ఆరోన్ గారికి నేనే చెప్పాను. కింది సగం నేను వాయిస్తాను, పైది ఇంకెవరినైనా చూడండి అన్నాను.  ఆయన కాగితం తీసుకుని, "తిరునాళ్ళకి వేరే మనిషిని పెట్టుకున్నానమ్మా" అని రాసి చూపించారు. అరవకుండా రాసినందుకు దణ్ణం పెట్టి వచ్చేశాను.

ప్రోగ్రాం రోజున కొండ కింద జనంలో నిలబడ్డాను. డ్రమ్ము, బేస్ గుండెకి తగులుతున్నాయి. ఆ పైన ఏమీ లేదు. చుట్టూ అందరూ తలలూపుతున్నారు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

కొత్త కీబోర్డు కొనను. పాతది అమ్మను. లాప్‌టాప్‌లో స్వరాలన్నీ కిందికి దించుకున్నాను. ఏ కీ నొక్కినా ఇప్పుడు నాకు అందేంతలోనే పలుకుతుంది. వినేవాళ్ళకి గొణుగుడులా ఉంటుందేమో, కీర్తన మాత్రం బాగుందంటోంది. రేపేమిటన్నది ఇంకా తెలియదు.

దుర్గా, నిన్న ఆ స్థాయిలో మన పాత పాటలు వాయించుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. నీది మంద్రస్థాయి గొంతు. అది నాకింకా అందుతుంది. ఈసారి టీ, కబుర్లూ ఏమీ వద్దు. వచ్చి నా పక్కన కూర్చుని పాడు. వినబడుతుండగానే నీ పాట మొత్తం వినేయాలి.

ఈ ఆదివారమే వస్తావా?

హన్నా