కాకి ఎంగిలి

మే 6, మంగళవారం
మళ్ళీ హారిక మాటే. ఊరి ఆ చివర ఫ్లాట్ బుష్‌లో ఇల్లు కొంది, ఒక గది ఖాళీ. స్రవంతిని వచ్చేయమంటోంది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు కదా, రోజూ ఒకే కారులో వెళ్ళొచ్చట.
"నువ్వేమన్నావ్?"
"చూద్దాంలే మే," అంది స్రవంతి, ఫోన్ మీంచి తల ఎత్తకుండా.
చూద్దాం... అంటే సగం సామాను సర్దేసినట్టే.
ఆరో తరగతి నుంచి కలిసే ఉన్నాం. కడప కాన్వెంటు హాస్టల్లో పక్కపక్క మంచాలు. దేశం దాటొచ్చాక ఇక్కడ, మౌంట్ రాస్కిల్‌లో, పక్కపక్క గదులు.

మే 8
వాన. స్రవంతి పసుపు కోటు కొంది. హారిక కోటు లాంటిదే.

మే 9, శుక్రవారం
ముగ్గురం నైజీరియా రెస్టారెంటుకి. హారికే బుక్ చేసింది. అన్నీ చిన్న చిన్న ప్లేట్లు, మధ్యలో పెట్టుకుని పంచుకోవాలి. బ్యాగులో చదువుతున్న పుస్తకం ఉంది — తీయలేదు.
పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం, మీద వేరుశనగ కారం. అచ్చం మన పల్లీల పొడి. "మస్తుంది గదా!" అంది హారిక. ఆమెకు అన్నీ మస్తే.
తర్వాత అకరా. అలసందలు రుబ్బి నూనెలో వేయించినవి. పైన ఎర్రటి పచ్చడి చుక్క, ఏదో పూరేకు. వాసనకే తెలిసిపోయింది. ఆదివారాలు అమ్మ హాస్టల్‌కి తెచ్చే అలసంద వడలు. అందులో సగం ఎప్పుడూ స్రవంతివే.
"ఇట్లాంటిది లైఫ్‌లో తిన్లేదు నేను!" అంది స్రవంతి.
ఫోర్కు కింద పెట్టాను.
ప్లేట్లో వచ్చినవి నాలుగు. తలా ఒకటి పోగా ఒకటి మిగిలింది. స్రవంతి దాని మీద నాప్కిన్ కప్పి, గుడ్డ మీంచే కొరికి రెండు చేసింది.
"ఛీ, ఏందే అది?" అంది హారిక.
"కాకి ఎంగిలి. ఎంగిలి అంటదు. మా స్కూల్లో ఇట్లే చేస్తాంటిమి."
సగం హారిక నోట్లో పెట్టింది. ఇద్దరూ ఒకటే నవ్వు.
ఆ స్కూల్లో యూనిఫాం అంచు కప్పి ఆ సగాలు చేసింది నేను. నా పేరు రాలేదు.

మే 10
మన కొట్లుండే శాండ్రింగ్‌హామ్‌కి బస్సులో వెళ్ళి అలసందలు తెచ్చాను. నానబెట్టాను.

మే 11, ఆదివారం
పొద్దున్నే వడలు వేశాను. స్రవంతి పొయ్యి దగ్గరే నిలబడి, ఊదుకుంటూ తింది.
"అచ్చం ఆ అకరా మాదిరే వచ్చినాయి మే! యూట్యూబ్‌లో చూసినావా?"
"అమ్మవి," అన్నాను.
"ఓ..."
ఒక్క క్షణం నా వైపు చూసింది. అంతలో ఫోన్. "హారిక వస్తాండాది. గది చూసొస్తా. మిగిలినవి డబ్బాలో పెట్టు, దానికీ రుచి చూపిస్తా."
స్నానానికి వెళ్ళింది.
ఏడు మిగిలాయి. డబ్బాలో సర్దాను. మళ్ళీ ఒక్కొక్కటే తీసి కొరికాను. గుడ్డ కప్పకుండా. పళ్ళ గుర్తులు కనబడేలా. వరసగా పెట్టి మూత బిగించాను. కాన్వెంటు సిస్టర్లు చూసుంటే మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు.
నా ఎంగిలి స్రవంతి తింటుంది. ఇంకెవరూ తినరు.
స్రవంతి మూత తీసి చూడలేదు. డబ్బా బ్యాగులో వేసుకుని, పసుపు కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

అదే రోజు, సాయంత్రం
ఇంకా రాలేదు. పుస్తకం తెరిచే ఉంది, పేజీ తిప్పలేదు.
ఇప్పుడే ఫోటో ఒకటి పంపింది. కింద ఒక్క మాట లేదు. హారిక ఇంట్లో తెల్లటి వంటగట్టు, మూత తీసిన నా డబ్బా.
లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి.
ఏడోది ఎవరు తిన్నారు — అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను...