మూగ మెట్టు

నాన్నా,

నువ్వు పోయిన రెండేళ్లకి మన చర్చికి కీబోర్డు వచ్చింది. కాఫీ పళ్లు ఏరడం మానేసి ఊరంతా చూడ్డానికొచ్చింది.

నీ హార్మోనియంలో ఒక మెట్టు మూగది కదా. చర్చిలో పాట అక్కడికి రాగానే నువ్వే నోటితో "ఆ..." అనేవాడివి. నాకు ఆరేళ్లప్పుడు నేర్పుతూ కూడా, "అది నొక్కకే గుంటా, నాను పలుకుతాను" అన్నావు. ప్రతి హార్మోనియానికీ ఒక నాన్న ఉంటాడనుకునేదాన్ని.

ఇవాళ కీబోర్డు మీద నేను వాయించిన మొదటి పాటలోనే అలవాటుకొద్దీ ఆ మెట్టు నొక్కకుండా దాటేశాను. ఆ ఖాళీలో చర్చి మొత్తం ఒక్క గొంతుతో "ఆ..." అంది.

కొత్తగా వచ్చిన పాస్టరు గారు కంగారుపడి, "ఏటమ్మా, అప్పుడే పాడైపోనాదా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా అమ్మ లేచి నిలబడింది.

"పాడవనేదు అయ్యగోరూ. ఆ మెట్టు మా గుంట నాన్నది."