కుండీలకు నీళ్ళు పోయలేదు

ఇడపనూరు క్యాంపు, రాయచూరు జిల్లా

చిరంజీవి ధర్మతేజకు పిన్ని దీవెనలు.

ఏదైనా కాగితం మీదే ఉండాలన్నావు కనుక ఫోను మాని రాస్తున్నాను. మా వసారాలో ఆరు వరి కుండీలు పెట్టి, పది రోజులు నీళ్ళు పోయొద్దన్నావు. బెంగళూరులో పరిశోధన చేసేవాడివి, నాలుగు ఆకులు ఎండించడానికి ఇంత దూరం రావాలా? “ఏందక్కా, పైరును గిట్ల సంపుతున్నవ్?” అని పక్కింటి యంకమ్మ రోజూ అడుగుతోంది. నాకూ అనుమానంగానే ఉంది.

మీ పిన్ని,
రాజ్యలక్ష్మి

తా.క. నువ్విచ్చిన సీసాల్లో మందు వాసన చూశాను. మంచి పనికి వాడేదిలా లేదు.

*

పిన్నికి నమస్కారాలు.

రాయచూరు ఎండ మా ల్యాబులో దొరకదు, అందుకే మీ వసారా. మొక్క కణంలో ఆర్‌ఎన్‌ఏ అంటే వంటచీటీ అనుకో. ఏ ప్రోటీను చేయాలో అందులో ఉంటుంది. దాహం వేస్తే కణం చాలా చీటీల్ని ముద్దలుగా చుట్టి పక్కన పెట్టి వంట తగ్గిస్తుంది. నీళ్ళు అందగానే ముద్దలు విడిపోతాయి, చీటీలు మళ్ళీ వంటకు వెళతాయి. దాహంతో ఉన్న ఆకులో ఆ ముద్దలు చూపిస్తేనే నాకు డాక్టరేటు. పదో రోజు ఆకులు కోసి, చెడిపోకుండా ఆ మందు సీసాల్లో వేసి పంపు. కుండీల వైపు ఎవరినీ పోనివ్వకు.

ధర్మతేజ

తా.క. వాసన చూడొద్దు పిన్నీ.

*

చిరంజీవికి ఆశీస్సులు.

ఆకులు పంపుతున్నాను. కాని నువ్వు చెప్పినదానికీ ఇక్కడ జరిగినదానికీ పొంతన లేదు. పది రోజులైనా పైరు నవనవలాడుతోంది. మట్టిలో నాకు చెప్పకుండా ఏం కలిపావు? అబద్ధాలకు మా వసారా ఇవ్వను.

రాజ్యలక్ష్మి

తా.క. యంకమ్మ ఇప్పుడు పైరును వదిలి నన్ను అనుమానంగా చూస్తోంది.

*

పిన్నీ, నమస్కారం.

ఆకుల్లో ఒక్క ముద్ద లేదు. చీటీలన్నీ పెళ్ళింట్లోలా వంట చేయిస్తున్నాయి. ఎవరి పొలంలోనో ఆకులు కోసి తెచ్చానంటున్నారు మా గైడు మేడం. సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఐదేళ్ళ పని పోతుంది. నిజం చెప్పు, నీళ్ళు ఎవరు పోశారు?

ధర్మతేజ

తా.క. నాకు బాబాయి మీద అనుమానం.

*

నాయనా ధర్మతేజా,

దేవుడి ముందు కూర్చుని రాస్తున్నాను. ఆ కుండీల్లో ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు. మీ బాబాయిని అడిగితే అలిగి రెండు పూటలు అన్నం మానేశారు. యంకమ్మ రాకుండా వసారా తలుపుకు గొళ్ళెం పెట్టాను. ఈ ఉత్తరం మీ మేడంకు చూపించు, కింద సంతకం చేశాను.

కె. రాజ్యలక్ష్మి

తా.క. పూటకు రెండు చెంబుల అభిషేక తీర్థం మాత్రం ఆ కుండీల్లో పోశాను. నలుగురూ తొక్కే చోట పోయకూడదు, అటు ఎవరినీ పోనివ్వొద్దన్నది నువ్వే. మేడంకు చెబితే చెప్పు, కాని దాన్ని నీళ్ళని రాసుకోనివ్వకు, అపచారం.